మాటకు కాళ్ళు వచ్చిన రోజులు

నోరు మంచిదైతే వూరు మంచిదవుతుందని పెద్దల మాట. కాని వూరంతా ఒక్క మాట మీద నిలబడాలంటే ఒక్కరి నోరు మంచిదైతే చాలదు. ఆ నోట్లో మాట గడప దాటాలి, వీధి దాటాలి, పొలిమేర దాటాలి. దాటినచోటల్లా ఎవరో ఒకరు దాన్ని అందిపుచ్చుకుని, అది తమ సొంత మాటే అన్నట్లు ఇంకొకరికి చెప్పాలి. అప్పుడుగాని అది ఉద్యమం కాదు.

మన దేశంలో పెద్ద ఆందోళనలు మొదలైన రోజులు ఒక్కసారి తలచుకోండి. ఇంట్లో రేడియో లేదు. సభలో మైకు లేదు. పత్రిక వూళ్ళోకి వచ్చినా చదవగలవారు నూటికి పదిమంది కూడా వుండేవారు కారు. చదివేవాడు ఒకడు, చుట్టూ చేరి వినేవారు ఇరవైమంది. ఐనా దేశం ఈ మూల పుట్టిన మాట ఆ మూలకు వెళ్ళింది. ఎలా వెళ్ళింది? ఎవరు మోశారు? మోసినందుకు వారికి దక్కినదేమిటి? స్వాతంత్ర్యోద్యమం చరిత్రలో నాయకుల పేర్లూ, తేదీలూ మనం బళ్ళోనే చదువుకున్నాం. ఆ మాట నడచిన దారి సంగతి మాత్రం అంతగా చెప్పుకోలేదు.

దుబాసీల చేతిలో నిప్పు

1907 ఏప్రిల్ నెలలో వంగదేశం నుంచి బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశానికి వచ్చారు. విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం, బెజవాడ, బందరు - ఇలా వరుసగా సభలు. ఆయన గొప్ప వక్త. వచ్చిన చిక్కల్లా ఆయన ఇంగ్లీషులో మాట్లాడతారు, వినేవారిలో నూటికి తొంభైమందికి ఇంగ్లీషు రాదు. మధ్యలో ఎవరో ఒకరు తెలుగు చేసి చెప్పాలి.

రాజమహేంద్రవరంలో ఆ పని చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి మీద పడింది. చిలకమర్తివారికి చూపు సరిగా ఆనేది కాదు. జ్ఞాపకశక్తి మాత్రం అపారం. పాల్‌గారి ఉపన్యాసం విని తెలుగులో చెప్పడం ఒక ఎత్తు. సభ చివర ఆయన ఆశువుగా చెప్పిన ఒక్క పద్యం ఇంకొక ఎత్తు. భారతదేశాన్ని పాడియావుతోనూ, మనల్ని ఆకలితో అరిచే దూడలతోనూ, దొరలను ఆ దూడల మూతులు బిగగట్టి పాలు పితుక్కునే గొల్లలతోనూ పోల్చారు. అంతే. గంటసేపు సాగిన ఉపన్యాసం ఎంతమందికి గుర్తున్నదో చెప్పలేం గాని, ఆ ఆవు మాత్రం జిల్లాలన్నీ తిరిగింది. నేటికీ పాఠ్యపుస్తకాల్లో తిరుగుతూనే వుంది.

ఎందుకని? పన్నుల లెక్కలూ, ఎగుమతుల లెక్కలూ చెబితే ప్లీడర్లకు అర్థమవుతాయి. దూడ మూతికి చిక్కం కట్టి పాలు పితకడం ఎంత అన్యాయమో పశువుల కొట్టం వున్న ప్రతి ఇంటికీ తెలుసు. పైగా అది పద్యం. పద్యం వచ్చినవాడికి కాగితం అవసరం లేదు. పోలీసులు వచ్చి ఇల్లు సోదా చేసినా, బుర్రలో వున్నదాన్ని జప్తు చేయలేరు గదా!

పధ్నాలుగేళ్ళ తరువాత, 1921 లో, గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఇంకొక దుబాసీ దొరికింది. ఆమె అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల - తరువాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా దేశానికి తెలిసిన దుర్గాబాయి. దేవదాసీలకూ, ముస్లిం స్త్రీలకూ గాంధీజీ మాట వినిపించాలని ఆమె పట్టుబట్టి ప్రత్యేకంగా సభ ఏర్పాటు చేయించింది. ఆ సభలో ఆయన హిందీలో చెప్పినదాన్ని తెలుగులో చెప్పింది. వినవచ్చినవారు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. తరువాత పురుషుల సభలో కొండ వెంకటప్పయ్యగారివంటి పెద్దలు వున్నా, ఆ పిల్లనే తెలుగు చేయమని గాంధీజీ అడిగారు. పెద్దమనిషి భాషలో కన్నా పక్కింటి పిల్ల భాషలో విన్న మాట గుండెకు దగ్గరగా తగులుతుందని ఆయనకు తెలుసు.

చిన్న మాటకు పెద్ద చప్పుడు

పాల్‌గారు వచ్చివెళ్ళిన వేడిలో రాజమహేంద్రవరం కళాశాల విద్యార్థులు చొక్కాలకు 'వందేమాతరం' బిళ్ళలు పెట్టుకుని తరగతులకు వెళ్ళారు. ఇంతే వారు చేసిన నేరం. ప్రిన్సిపాలు దొర మండిపడ్డాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి చదువు అక్కడితో ఆగిపోయింది. మరుసటి ఏడే, అంటే 1908 లో, 'స్వరాజ్య' పత్రికలో పడిన రాతకు ఆయన జైలుకు వెళ్ళవలసి వచ్చింది. రెండు మాటల బిళ్ళకు అంత విలువ కట్టింది దొరతనమే! చూసీ చూడనట్లు వూరుకుంటే అది కాలేజీలోనే ఆగిపోయేదేమో. శిక్ష వేసి జిల్లా అంతా చాటారు.

1928 లో వచ్చిన సైమన్ కమిషన్ సంగతి ఇంకా తమాషా. మన రాజ్యాంగం ఎలా వుండాలో తేల్చడానికి ఏడుగురు సభ్యులు వచ్చారు, ఏడుగురూ దొరలే. ఈ సంగతిని వివరించి చెప్పాలంటే గంట పడుతుంది. బొంబాయి యువకనాయకుడు యూసఫ్ మెహరల్లీ మూడు ముక్కల్లో తేల్చారు: 'సైమన్ గో బ్యాక్!' ఇంగ్లీషు ముక్కలే ఐనా అక్షరం రానివాడి నోట కూడా పలికాయి. ఎవర్ని అంటున్నారో ఆ వచ్చినవారికీ నేరుగా అర్థమైంది. లక్నోలో వారికి విందు జరుగుతుంటే, ఆ మాటలు రాసిన గాలిపటాలనూ, బెలూన్లనూ పైకి వదిలారట జనం. వీధులన్నీ పోలీసులు మూసేస్తే ఆకాశం దారి దొరికింది!

ఆ ఫిబ్రవరి 3 వ తేదీన మద్రాసులో హర్తాళు. కాల్పులు జరిగినచోటికి వెళ్ళబోయిన టంగుటూరి ప్రకాశంగారికి పోలీసులు తుపాకులు అడ్డం పెట్టారు. ఆయన చొక్కా తీసి రొమ్ము చూపించారు. ఆయన ఆ సమయంలో ఏమన్నారన్నది తలొక తీరుగా చెప్పుకోవచ్చు. రొమ్ము చూపించిన సంగతి మాత్రం ఒకే తీరుగా చెప్పుకున్నారు. 'ఆంధ్రకేసరి' అన్న పిలుపు ఇంటింటి మాటైంది.

పాత వేషం, కొత్త పాత్ర

కొత్త సంగతిని కొత్త మాటల్లో చెబితే జనం ముందు అనుమానంగా చూస్తారు. ఆ సంగతినే పరిచయమైన వేషం వేసి పంపితే కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇస్తారు. ఈ రహస్యం బాగా తెలిసినవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

ఆయన ఎడింబరోలో ఎమ్.ఏ. చదివి వచ్చారు. కావాలంటే దొరల తర్కంతోనే దొరలను ఎదిరించగలరు. కాని చీరాల జనం ముందుకు వచ్చేసరికి వలంటీర్ల దళానికి ఆయన పెట్టిన పేరు 'రామదండు'. కాషాయబట్టలు, రుద్రాక్షలు, నొసట బొట్టు. రామాయణం వినని ఇల్లు వుండదు. ఎదుట వున్నది లంక అనీ, తాము సేతువు కట్టే సైన్యమనీ వేరే చెప్పనక్కరలేకపోయింది. పేరులోనే సగం ఉపన్యాసం అయిపోయింది.

ఇంతకీ చీరాలలో తగవేమిటి? చీరాల, పేరాల గ్రామాలను కలిపి సర్కారు మునిసిపాలిటీ చేసింది. అక్కడి జనంలో ఎక్కువమంది చేనేతపని వారు, కూలినాలి చేసుకునేవారు. సాలుకు నాలుగువేలున్న పన్ను నలభైవేలకు పెరిగిందని గగ్గోలు. మునిసిపాలిటీ వద్దంటే సర్కారు వినలేదు. 1921 లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు రెండు దారులు చెప్పారు. పన్ను కట్టక, వచ్చిన శిక్ష శాంతంగా అనుభవించడం ఒకటి. వూరే వదిలిపోవడం రెండోది. మునిసిపాలిటీ హద్దులో మనుషులే లేకపోతే పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు?

జనం రెండో దారి పట్టారు. సుమారు పదిహేనువేల జనాభాలో పదమూడువేలమంది దాకా ఇళ్ళకు తాళాలు వేసి, హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ పాకల వూరికి 'రామనగరు' అని పేరు. ఎండకు ఎండి, వానకు తడిసి, పదకొండు నెలలు వున్నారు. ఖాళీ వూరు ఒకటి, కిక్కిరిసిన పాకల వూరు ఒకటి - ఈ రెండూ పక్కపక్కన నిలబడి చెప్పిన మాట ఏ కరపత్రమూ చెప్పలేదు. దేశమంతా చీరాల పేరు వినిపించింది.

ఐతే సంగతి పూర్తిగా చెప్పుకోవాలి. మాట దేశమంతా తిరిగినా, పాక మీద కప్పు వేయడానికి డబ్బు కావాలి, మగ్గం ఆడాలి, పిల్లలకు గంజి కావాలి. గోపాలకృష్ణయ్యగారు బరంపురంలో ఉపన్యసించరాదన్న ఆజ్ఞను ధిక్కరించి జైలుకు వెళ్ళారు. చేతిలో డబ్బు లేక, ముందుండి నడిపేవారు లేక, జనం చివరకు తిరిగి వూళ్ళోకి వచ్చారు. మునిసిపాలిటీ నిలిచింది. మాట ఎంత గొప్పదైనా పొయ్యిలో కట్టెకు బదులు రాదని చీరాల చెప్పింది. గోపాలకృష్ణయ్యగారు 1928 లో, ముప్ఫైతొమ్మిదేళ్ళ వయసుకే, దారిద్ర్యంలో కన్నుమూశారు.

పాత వేషానికి ఇంకొక గొప్ప ఉదాహరణ బుర్రకథ. దాని కట్టడి చూడండి. నడుమ తంబురా పట్టుకుని కథకుడు. ఇరుపక్కలా ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కథకుడు బొబ్బిలి కథో, పల్నాటి కథో చెబుతూంటాడు. మధ్యలో వంత ఆపి, "ఐతే అన్నా, అప్పుడు ఆ జమీందారు అట్లా చేశాడు సరే, మరి ఇప్పుడు మన వూళ్ళో...?" అని అడుగుతాడు. కథ రెండువందల ఏళ్ళు ముందుకు దూకి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి ముందు ఆగుతుంది. జనం గొల్లుమంటారు. హాస్యగాడు ఏదో అని తప్పిస్తాడు. తంబురా మోగుతుంది. కథ మళ్ళీ బొబ్బిలికి పోతుంది. సభలో రాసుకోవడానికి వచ్చిన పోలీసు ఏం రాసుకోవాలి?

1943 తరువాత ప్రజానాట్యమండలివారు ఈ కళను వూరూరా తిప్పారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ కథ చెబుతుంటే వేలమంది తెల్లవార్లూ కూర్చునేవారు. పేద ముస్లిం కుటుంబంలో పుట్టి, పల్నాటి వీరుల కథను తెలుగువారందరికీ కన్నీళ్ళతో వినిపించిన మహాకళాకారుడు ఆయన. మద్రాసు సర్కారూ, నిజాం సర్కారూ కూడా బుర్రకథలను నిషేధించాయి. అంటే ఆ మాట చేరవలసినచోటికి చేరిందనే అర్థం. 1986 లో అదే కళకు నాజర్‌గారికి పద్మశ్రీ ఇచ్చారు.

చిటికెడు ఉప్పు

1930 లో గాంధీజీ ఉప్పు మీద ఉద్యమం చేస్తామన్నప్పుడు చదువుకున్నవారిలో చాలామంది నవ్వారు. సంపూర్ణ స్వరాజ్యం కావాలన్నవారు ఉప్పు దగ్గర ఆగడమేమిటి? ఐతే వంటింట్లో నిలబడి ఆలోచిస్తే ఈ నవ్వు ఆగిపోతుంది. ఉప్పు లేని పొయ్యి లేదు. హిందువుకూ ముస్లింకూ, జమీందారుకూ పాలేరుకూ, కూరలో పడేది అదే. సముద్రం ఇచ్చినదాని మీద సర్కారు పన్నేమిటని అడిగితే, ఏ తల్లికీ రెండోసారి వివరించనక్కరలేదు.

ఇక దాన్ని నడిపిన తీరు చూడండి. మార్చి 2 న వైస్రాయికి ఉత్తరం రాసి, చేయబోయేది ముందే చెప్పారు. దాచినది ఏమీ లేదు. మార్చి 12 న సబర్మతి నుంచి 78 మంది అనుచరులతో బయలుదేరారు. రైలెక్కితే ఒక్క రోజులో తేలిపోయే ప్రయాణం. ఆయన నడచివెళ్ళారు. సుమారు 240 మైళ్ళు, 24 రోజులు. ఏ వూళ్ళో ఎప్పుడు ఆగేదీ ముందే ప్రకటించారు. దానివల్ల ఏమైంది? ప్రతి రోజూ పత్రికకు ఒక కొత్త కబురు. నేడు ఫలానా వూరు, రేపు ఫలానా వూరు. సర్కారు పట్టుకుంటుందా, పట్టుకోదా? మన వారపత్రికలో సీరియలు చదివేవారికి ఈ కిటుకు కొత్త కాదు. తరువాయి వచ్చేవారం అన్నచోట ప్రాణం ఆగుతుంది! ఏప్రిల్ 6 న దండి ఒడ్డున ఆయన ఉప్పు తీసేసరికి దేశమంతా ఆ క్షణం కోసం ఎదురుచూస్తూ వుంది.

మన కోస్తా పొడుగునా శిబిరాలు వెలిశాయి. ఒంగోలు ప్రాంతంలో దేవరంపాడు అందులో ఒకటి. చట్టవిరుద్ధమైన ఉప్పు పొట్లాలు చేతులు మారాయి. ఆ పొట్లం కొన్నవాడికి అందులో కూరకు సరిపడా ఉప్పు వుందా అని లెక్క లేదు. అది కరపత్రం లాంటిది. చదువు రానివాడు కూడా నాలుక మీద వేసుకుని చదువుకోగల కరపత్రం.

ఆ మే నెల 21 న ధరాసనలో సత్యాగ్రహులు వరుసలుగా ముందుకు నడిచి, చెయ్యి ఎత్తకుండా లాఠీదెబ్బలు తిన్నారు. అక్కడున్న అమెరికా విలేఖరి వెబ్ మిల్లర్ పంపిన వార్త ప్రపంచంలో వెయ్యికి పైగా పత్రికల్లో పడింది. కొట్టేవారి చేతిలో లాఠీ వుంది. చూసి రాసేవారి చేతిలో పెన్సిలు వుంది. ఆ రోజు పెన్సిలే గెలిచింది.

గోడలకు చెవులున్నచోట

నిజాం రాజ్యంలో మాట పరిస్థితి వేరు. రాజ్యంలో ఎక్కువమంది తెలుగువారే ఐనా, సర్కారు భాష ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనిలో సంఘసంస్కార సభ జరుగుతుంటే ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోయారు. సభలో కొందరు గోల చేసి ఆయన్ను మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘానికి పునాది వేశారు. ఒక మనిషి తన సొంత గడ్డ మీద తన భాషలో నాలుగు మాటలు ఆడలేకపోయిన అవమానం అది.

సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి. 'గస్తీ నిషాన్ 53' అనే ఆజ్ఞ అందుకు ప్రసిద్ధి. రాజకీయం అన్న మాటే ఎత్తకూడదు. మరేం చేయాలి? గ్రంథాలయం పెట్టవచ్చు గదా! 1901 లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. ఆ తరువాత వూరూరా చిన్న చిన్న పఠనాలయాలు. పైకి అవి పుస్తకాల బీరువాలు. లోపల పత్రిక ఒకరు చదువుతుంటే పదిమంది వింటారు. 1926 లో సురవరం ప్రతాపరెడ్డిగారు 'గోలకొండ పత్రిక' ప్రారంభించారు. ఆ తరువాత తెలంగాణంలో తెలుగు కవులు లేరన్న మాటకు ఆయన కోపంతో వ్యాసం రాయలేదు. 354 మంది కవుల పద్యాలు కూర్చి 1934 లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. ఇటువంటి జవాబుకు ఎదురు జవాబు వుండదు.

ఇరవైయేళ్ళు తిరిగేసరికి ఆ మాట పల్లెలకు దిగింది. ఆంధ్రమహాసభ అన్న పెద్ద పేరును రైతులు 'సంఘం' చేసుకున్నారు. 1946 జులై 4 న కడవెండిలో దొర మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలి కావడంతో ఆ పేరే పాట అయింది. బండి యాదగిరి కట్టిన పాట మూడు దశాబ్దాల తరువాత 'మాభూమి' చిత్రంలో గద్దరు గొంతున మళ్ళీ మోగింది. దాన్ని అన్నాళ్ళూ దాచినది అలమారా కాదు, నాట్లు వేసేవారి నోళ్ళు.

బొంబాయిలో 1942 లో నోరు నొక్కినప్పుడు జరిగినది ఇంకొక కథ. 'క్విట్ ఇండియా' తీర్మానం అయిన తెల్లవారే నాయకులందరినీ పట్టుకుపోయారు. పత్రికల మీద ఆంక్షలు. ఆ ఆగస్టు 27 న, ఇరవైరెండేళ్ళ విద్యార్థిని ఉషా మెహతా, ఆమె స్నేహితులు రహస్య రేడియో నడిపారు. భారతదేశంలో ఎక్కడినుంచో, 42.34 మీటర్ల మీద కాంగ్రెస్ రేడియో మాట్లాడుతోందన్న పిలుపు వినడానికి జనం తలుపులు మూసుకుని కూర్చునేవారు. ఒక ఇంట్లో వుంటే పట్టుబడతారని ఇళ్ళు మారుస్తూ పోయారు. నవంబరు 12 న పోలీసులు తలుపు బద్దలుకొట్టారు. ఉషా మెహతాకు నాలుగేళ్ళ శిక్ష. మూడు నెలలైనా నిండని రేడియో అది. ఐనా నాయకులు లేకపోయినా మాట ఆగలేదని దేశానికి తెలిసింది, తెలియవలసినదీ అదే.

ఒళ్ళే పలక

మాట చెప్పడానికి పత్రికా, పాటా, రేడియో ఏవీ లేకపోయినా, మనిషికి ఒళ్ళు వుంది. నెల్లూరులో హరిజనుల కోసం పనిచేసే రోజుల్లో పొట్టి శ్రీరాములుగారు నినాదాలు రాసిన అట్టలు మెడలో వేసుకుని, మండుటెండలో చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా వీధులు తిరిగేవారు. పిచ్చివాడని నవ్వినవారున్నారు. 1946 లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని ఉపవాసం చేసి సాధించారు.

1952 అక్టోబరు 19 న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో ఆంధ్రరాష్ట్రం కోసం నిరశన మొదలుపెట్టారు. ఆయన వక్త కాదు. పెద్ద పదవిలో వున్నవాడూ కాదు. మొదట్లో ఢిల్లీ పట్టించుకోలేదు. రోజులు గడిచినకొద్దీ, పత్రికలో పడే 'నలభయ్యో రోజు', 'యాభయ్యో రోజు' అన్న అంకెలే ఉపన్యాసాలయ్యాయి. తెలుగు ఇళ్ళలో అన్నం ముందు కూర్చున్నవారికి ముద్ద దిగలేదు. 58 వ రోజున, డిసెంబరు 15 రాత్రి, ఆయన ప్రాణం పోయింది. ఆంధ్రజిల్లాలు అట్టుడికాయి, రైళ్ళు ఆగాయి, కాల్పుల్లో ఇంకా కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. డిసెంబరు 19 న నెహ్రూగారు రాష్ట్రం ఇస్తామన్నారు. 1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్రం వచ్చింది.

ఇది తలచుకుంటే గర్వమూ కలుగుతుంది, గుండె కూడా కలుక్కుమంటుంది. ఒక మనిషి ఎముకలగూడై చెప్పేదాకా వినని చెవులు ఎవరివి? యాభై రోజులు చదివి, 'అయ్యో' అని పేజీ తిప్పినవారిలో మన తాతముత్తాతలు లేరా?

మాట చెయ్యి దాటితే

ఈ కథకు రెండో వైపు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. నిప్పు దీపమూ వెలిగిస్తుంది, ఇల్లూ కాలుస్తుంది. 1922 ఫిబ్రవరిలో గోరఖ్‌పూరు జిల్లా చౌరీచౌరాలో కాల్పులకు రెచ్చిన జనం పోలీసు ఠాణా తగులబెట్టారు. 22 మంది పోలీసులు చనిపోయారు. తగులబెట్టినవారి నోట వున్నది 'గాంధీజీకీ జై' అనే. ఆ మాట చెప్పినవారు ఒకటి అనుకుంటే, విన్నవారు ఇంకొకటి చేశారు. గాంధీజీ ఉద్యమాన్నే ఆపించారు.

అదే సమయంలో మన గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వాన పన్నుల నిరాకరణ సాగుతూంది. శిస్తు కట్టలేదు, గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు, సైనికులు వచ్చి కవాతు చేసినా జనం చెయ్యి ఎత్తలేదు. అందుకు కారణం 'శాంతిసేన'. ఇంటింటికీ తిరిగి ఏం చేయాలో చెప్పడంతోబాటు, ఏం చేయకూడదో కూడా నేర్పిన దళం అది. ఒకే దేశంలో, ఒకే నెలలో, ఒకే జైకారం. ఒకచోట ఠాణా బూడిదైంది. ఇంకొకచోట సర్కారు చేష్టలుడిగి చూసింది. తేడా వున్నది నినాదంలో కాదు. నినాదం చేరకముందు ఆ వూళ్ళో ఎవరు ఎంత పని చేశారన్నదానిలో వున్నది.

అ ఆలు నేర్చిన చేతులు

ఇవన్నీ తెల్లదొరల నాటివి, నిజాంనాటివి, రాష్ట్రం కోసం పోరాడిననాటివి కదా అనిపించవచ్చు. కాని ఇటీవలి తరం చూసిన గొప్ప ఆడవారి ఉద్యమం ఒక వాచకంలో నుంచి పుట్టింది. 1991 లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలిపని చేసి, రాత్రి లాంతరు ముందు కూర్చున్న స్త్రీలకు ఇచ్చిన పాఠాల్లో సీతమ్మ అనే ఆమె కథ వుంది. తాగుడువల్ల కూలిన ఒక సంసారం కథ. చదివినవారికి అది పాఠంలా తోచలేదు. "ఇది మా ఇంటి సంగతే గదా" అనుకున్నారు.

దూబగుంట స్త్రీలు రోశమ్మను ముందుంచుకుని వూళ్ళో సారా కొట్టు మూయించారు. ఆ కబురు మళ్ళీ ఇంకొక పాఠంగా అచ్చయి జిల్లా అంతా వెళ్ళింది. ఒక వూరి కథ చదివి పక్క వూరు, ఆ వూరిని చూసి ఇంకొక వూరు! పత్రికలు అందుకున్నాయి. సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. చీపుళ్ళూ, కారంపొడీ పట్టుకుని వేలం జరిగేచోట నిలబడితే పాట పాడేందుకు ఎవరికి ధైర్యం? 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. సర్కారు ఖజానా లెక్కలు చూసుకుని 1997 లో దాన్ని సడలించారు. ఆ స్త్రీలు గెలిచినది పూర్తిగా నిలవలేదు. ఐనా అక్షరం దిద్దిన చేత్తోనే కొట్టుకు తాళం వేయించిన సంగతి ఎవరూ చెరపలేరు.

నేటి మాట ఖరీదు

నేడు ఒక మాట దేశం దాటడానికి రెప్పపాటు చాలు. బొటనవేలు కదిపితే వెయ్యి మందికి వెళ్ళిపోతుంది. అందువల్ల మేలు లేదని కాదు. వెనుక పత్రికవారూ, పోలీసులూ కప్పెట్టే అన్యాయం నేడు సందుచివరి పిల్లవాడు కూడా లోకానికి చూపించగలడు. ఐతే నాటి మాట మోసినవారిని ఒకసారి వరుసగా నిలబెట్టి చూడండి. బిళ్ళ పెట్టుకుని చదువు పోగొట్టుకున్నవారు, ఇంటికి తాళం వేసి పాకలో పడుకున్నవారు, నాలుగేళ్ళు జైల్లో వున్న ఆడపిల్ల, ఆకలితో ప్రాణం విడిచినవారు. తాము ముందు ఖరీదు కట్టి, తరువాతే ఆ మాట ఎదుటివారికి అందించారు. అందుకే విన్నవారు నమ్మారు.

భోజనాల దగ్గర ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఏదో ఒక ఆందోళన సంగతి వస్తూనే వుంటుంది. అన్నయ్య ఔనంటాడు, నాన్నగారు కాదంటారు, అమ్మ ఇద్దరికీ చారు పోస్తుంది. ఆ వాదన మంచిదే. దానితోబాటు ఒక్క ప్రశ్న కూడా అడిగి చూడండి: ఈ మాట మన దాకా తెచ్చినవారు దానికోసం ఏమి వదులుకున్నారు? జవాబు దొరికితే ఆ మాటను ఇంకొక గడపకు చేర్చడానికి మనమూ వెనుకాడనక్కరలేదు. దొరకకపోతే, తెల్లవారేదాకా మన దగ్గరే వుంచుకుందాం.